మా నాయన నన్ను ఇన్‌హెరిట్ చేసిండు

పదో తరగతిలో నేను రాసిన ఒక్క ఇంగ్లీషు వాక్యానికి క్లాసంతా పడి పడి నవ్వింది. అది 1983-84. నల్గొండ జిల్లా మర్రిగూడ పక్కన మా ఊరు. అక్కడి నుంచి నాలుగు మైళ్లు నడిచి హైస్కూలుకు పోయేవాళ్లం. ఇంగ్లీషు సారు బోర్డు మీద పది క్రియాపదాలు రాసి, ఒక్కోదానికి సొంతంగా ఒక వాక్యం రాసుకురమ్మన్నారు. గైడులో చూసి దింపితే ఊరుకునే మనిషి కాదు. "మీ ఇంట్ల సంగతి రాయాలె, మీ ఊర్ల సంగతి రాయాలె" అనేవారు. ఆ పదింటిలో ఆరోదో ఏడోదో ఇన్‌హెరిట్.

నేను రాసుకుపోయింది ఇది: 'మై ఫాదర్ ఇన్‌హెరిటెడ్ మీ త్రీ ఏకర్స్.' మా నాయన నాకు మూడెకరాలు ఇచ్చిండని నా ఉద్దేశం. ఇవ్వలేదనుకోండి, ఎప్పటికైనా ఇస్తాడు గదా అని రాశాను.

సారు నోట్సు పట్టుకొని కాసేపు చూశారు.

"మీ నాయన ఉన్నడారా?"

"ఉన్నడు సార్. పొద్దుగాలనే చెలకకు పోయిండు."

"మరి ఉన్నోని భూమి నువ్వెట్ల రాసుకున్నవ్?"

ఇగ నవ్వులు. సారు మాత్రం నవ్వలేదు. నా వాక్యంలో రెండు తప్పులున్నాయని చెప్పారు. మొదటిది, ఇన్‌హెరిట్ అనేది వారసత్వం తీసుకునేవాడు చేసే పని, ఇచ్చేవాడిది కాదు. వీలునామా రాసి ఇచ్చేవాడు చేసే పనికి ఇంగ్లీషులో వేరే మాట ఉంది, బిక్వీద్. రెండోది, మనిషి బతికుండగా ఇస్తే అది గిఫ్టు. ఇన్‌హెరిట్ కావాలంటే ఇచ్చినవాడు పోవాలి. "కావాలంటే 'ఐ విల్ ఇన్‌హెరిట్' అని రాసుకో" అన్నారు. నేను రాయలేదు. అట్లా రాస్తే మా నాయన చావు కోసం కూర్చున్నట్టే అనిపించింది. పదిహేనేళ్ల పిలగాణ్ణి, అసలే భయస్తుణ్ణి.

సారుకు నా మొహం చూసి అర్థమైనట్టుంది. ఎర్ర సిరా పెన్నుతో 'మీ' కొట్టేసి, చివర 'ఫ్రమ్ హిజ్ ఫాదర్' అని చేర్చారు. అంటే నన్ను తీసేసి మా తాతను పెట్టారు. తాత పోయి అప్పటికే పదేళ్లు దాటింది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

ఆ రోజే ఇంకో సంగతి చెప్పారు. వారసుణ్ణి ఇంగ్లీషులో ఏర్ అంటారు, ముందున్న హెచ్ పలకదు. అదే కుదురు నుంచి వచ్చిన ఇన్‌హెరిట్‌లో మాత్రం హెచ్ పలుకుతుంది. లాటిన్‌లో వారసుడిని హేరెస్ అనేవాళ్లట, ఇవన్నీ దానికి పుట్టినవే. ఏర్ అంటే మాకు ఏరే గుర్తొచ్చింది. పైగా తలవెంట్రుకల హెయిర్ ఒకటి ఉండనే ఉంది. ఆ ఏడంతా మా బ్యాచీ వాళ్లందరం పరీక్షల్లో వారసుడికి బదులు వెంట్రుకలనే రాశాం.

మా క్లాసులో పట్వారీ కొడుకు ఒకడుండేవాడు. సరిగ్గా ఆ 1984 మొదట్లోనే ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ పోస్టులు రద్దు చేసింది. తాత తర్వాత తండ్రి, తండ్రి తర్వాత కొడుకు, అట్లా వస్తున్న దఫ్తర్ అది. ఊరి భూముల జాతకాలన్నీ ఆ ఇంటి చెక్కపెట్టెలోనే ఉండేవి. సారు హెరిడిటరీ అనే మాట చెప్పడానికి ఆ సంగతే ఎత్తుకుంటే, వాడు లేచి నిలబడి, "మరి ఇప్పుడు నేనేం ఇన్‌హెరిట్ చేస్కోవాలె సార్?" అన్నాడు. జవాబు సారు దగ్గర కూడా లేదు. "కూసో" అన్నారు.

రాత్రి అన్నం తిని వాకిట్లో నులక మంచం మీద పడుకున్నప్పుడు, ఇయ్యాల ఏం చదివినవని నాయన అడిగాడు. ఇన్‌హెరిట్ సంగతి చెప్పాను. మూడెకరాల వాక్యం మాత్రం చెప్పలేదు. నాయన ఒక్క నిమిషం ఆలోచించి, "గది విరాసత్ గదరా" అన్నాడు.

నాయన సంతకం తప్ప ఇంకేం రాయలేడు. కానీ పహాణీ, సేత్వార్, పట్టా, శిస్తు, విరాసత్ లాంటి భూమి లెక్కల మాటలన్నీ ఆయనకు నోటికి వచ్చు. నిజాం జమానాలో భూమి కాగితాలన్నీ ఉర్దూలోనే ఉండేవి, మాటలు అక్కడే దిగబడిపోయాయి. తాత పోయిన తర్వాత భూమి తన పేరు మీదికి మార్పించుకునే విరాసత్ కోసం చెప్పులరిగేలా తిరిగిన మనిషి, ఆ మాట మర్చిపోతాడా? నేను తర్వాత ఎప్పుడో చూస్తే, మనం అచ్చ తెలుగనుకునే వారసుడు కూడా అదే గూటి పక్షి. ఉర్దూ వారిస్ నుంచి వచ్చింది, దాని వేరు అరబ్బీలో ఉంది. దానికి సంస్కృతపు 'త్వం' తగిలిస్తే వారసత్వం అయింది. అరబ్బీ తలకాయ, సంస్కృతం తోక. మరి సంస్కృతం నుంచే వచ్చిన సొంత మాట లేదా అంటే, ఉంది, దాయాది. దాయం అంటే వారసత్వపు సొత్తు, అది తీసుకునేవాడు దాయాది. అంటే అక్షరాలా ఇన్‌హెరిట్ చేసుకునేవాడే. ఇప్పుడు ఆ మాటను గట్టు తగాదాలకూ, పేపర్లో క్రికెట్ మ్యాచ్ వార్తలకూ వాడుకుంటున్నాం.

క్రైస్తవుల ఇళ్లలో ఇంకో మాట విన్నాను. మా ఊళ్లో ప్రార్థనకు వచ్చే పాస్టరు గారు 'సాత్వికులు ధన్యులు, వారు భూలోకమును స్వతంత్రించుకొందురు' అని చదివేవారు. సాత్వికులకు స్వాతంత్ర్యం వస్తుందని చెప్తున్నారేమో అనుకునేవాణ్ణి. ఇంగ్లీషు బైబిలులో ఆ చోట ఉన్నది ఇన్‌హెరిట్ అని తెలిసేసరికి నాకు నలభై దాటాయి. తర్జుమా చేసినవాళ్లు ఏ ఆలోచనతో ఎంచుకున్నారో గానీ, భూమి చేతికొస్తే స్వతంత్రం వచ్చినట్టేనని మా దిక్కు ఏ రైతును అడిగినా చెప్తాడు.

ఈ మాటను మనం ఇంగ్లీషులో ఎందుకు తడబడి వాడతామో నాకు మెల్లగా తెలిసింది. తెలుగులో మనం ఇన్‌హెరిట్ చెయ్యం. అది మనకు వస్తుంది. భూమి నాయన నుంచి వచ్చింది, ముక్కు మేనత్త నుంచి వచ్చింది, కోపం ఎవరి నుంచి వచ్చిందో తెలియదు. మనం ఊరికే కూర్చుంటాం, వచ్చేది వచ్చి మీద పడుతుంది. ఇంగ్లీషువాడు మాత్రం 'ఐ ఇన్‌హెరిటెడ్' అని తానే ఏదో కష్టపడి చేసినట్టు కర్త స్థానంలో కూర్చుంటాడు. చేసిందేముంది, పుట్టడం తప్ప.

పత్రికల తెలుగులో సంక్రమించడం అని ఒకటుంది. ఆస్తి సంక్రమిస్తుంది, జబ్బూ సంక్రమిస్తుంది. ఒకటి రక్తంలో వచ్చేది, ఇంకొకటి అంటుకునేది. రెండింటికీ ఒకే మాట పెట్టుకొని ఎట్లా నెట్టుకొస్తున్నామో. మా ఊళ్లో అయితే ఈ రెండూ కాని మూడోది ఒకటి ఉండేది.

పదో తరగతిలో నా వాక్యం నవ్వులపాలైన వారమే, మా క్లాసులో ఒక అమ్మాయి రాసుకొచ్చిన వాక్యం: 'వుయ్ ఇన్‌హెరిటెడ్ యెల్లో టీత్ ఫ్రమ్ అవర్ ఫాదర్స్.' వ్యాకరణంలో వంక లేదు. దానికి ఎవరూ నవ్వలేదు. నవ్వాలంటే నోరు తెరవాలి గదా, అందరివీ అవే గార పండ్లు.

ఇంగ్లీషు సారు ఆ నోట్సు పట్టుకొని సైన్సు సారు దగ్గరికి పోయారు. సైన్సు సారు మర్నాడు క్లాసుకు వచ్చి నన్ను లేపి, "మీ అమ్మ పండ్లు ఎట్లుంటయిరా?" అని అడిగారు. మా అమ్మవి తెల్లటి పండ్లు, జొన్న గింజల్లా ఉండేవి. ఆమె వేరే తాలూకా నుంచి వచ్చిన కోడలు, వాళ్ల ఊరి బాయి నీళ్లు మంచివి. నాయనవీ, అక్కవీ, అన్నవీ, నావీ గోధుమ రంగు చారలు పడ్డ పండ్లు. "నడుం, మోకాళ్లు?" అన్నారు. అమ్మకు మెడ తిరగడం అప్పటికే కష్టమైంది. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేది. మోకాళ్లు పట్టేసి, కూర్చున్న చోటి నుంచి లేవడానికి గోడ పట్టుకునేది.

"ఇగ చూడండి" అన్నారు సైన్సు సారు. "కోడలికి అత్తమామల రక్తం రాదు. వచ్చింది బాయి నీళ్లు. పండ్లు చిన్నప్పుడు చిగుళ్ల లోపల తయారయ్యేటప్పుడు ఏ నీళ్లు తాగితే ఆ మచ్చ పడుతది. వీళ్లమ్మ పండ్లు వాళ్ల ఊర్లనే తయారైనయి, అందుకే తెల్లగున్నయి. బొక్కలు మాత్రం ఇక్కడి నీళ్లకు చిక్కినయి." ఫ్లోరైడు అనే మాట అంతకు ముందే చెవిన పడ్డా, దాని సంగతి నాకు అర్థమైంది అప్పుడే. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మా దిక్కు బాయిలూ బోర్లూ ఆ లెక్కను ఏనాడో దాటేశాయి. కింద ఉన్న రాయిలోంచే అది నీళ్లలోకి దిగుతుంది. 'మా వంశంల ఉన్నది' అని పెద్దలు చెప్పుకున్నదంతా వంశంలో లేదు, చేదబావిలో ఉంది.

ఆ అమ్మాయి వాక్యాన్ని ఇంగ్లీషు సారు దిద్దలేదు. పక్కన రైటు పెట్టి, కింద తెలుగులో 'అర్థం తప్పు, ఇంగ్లీషు ఒప్పు' అని రాశారు.

నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు 1970లలో ఈ నీళ్లను బాగు చేసే ఒక పద్ధతి కనిపెట్టారు. దాని పేరే నల్గొండ టెక్నిక్. టాంజానియా, కెన్యా దాకా పోయిందట మా జిల్లా పేరు. నీళ్లలో కొంచెం సున్నం, బ్లీచింగ్ పౌడర్, తగినంత పటిక వేసి బాగా కలిపి, గంటసేపు కదలకుండా ఉంచితే ఫ్లోరైడు మడ్డితోపాటు అడుగుకు దిగుతుంది, పై నీళ్లు వంచుకోవాలి. అక్క కొన్నాళ్లు చేసింది. కట్టెతో బకెట్టులో గిర్రున తిప్పేది, తర్వాత కూర్చొని తేరేదాకా చూసేది. రోజూ చెయ్యాలి, ప్రతి బిందెకూ చెయ్యాలి, పటిక అయిపోతే ఊళ్లో దొరకదు. పెండ్లయి అక్క పోయాక ఇంట్లో ఆ పని పట్టించుకున్నవాళ్లు లేరు. కృష్ణ నీళ్లు నల్లాలో రావడం చాలా ఏండ్ల తర్వాతి మాట, అప్పటికి అమ్మ లేదు.

చదువయ్యాక నాకు నల్గొండలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ముందున్నాయన రిటైరై, ఆయన సీటూ, విరిగిన కుర్చీ, తాళంచెవి లేని బీరువా, జవాబివ్వని ఫైళ్లూ నాకు దక్కాయి. ఇంగ్లీషులో దీనికీ ఇన్‌హెరిట్ అనే వాడతారు, ఎవరూ చావనవసరం లేదు. కొత్త మేనేజరు పాత అప్పుల్ని ఇన్‌హెరిట్ చేస్తాడు, కొత్త ప్రభుత్వం పాత తలనొప్పుల్ని. సారు ఈ వాడుక ఎందుకు చెప్పలేదో తెలియదు, పదో తరగతికి ఎక్కువనుకున్నారేమో.

మా అబ్బాయి ఇంజనీరింగు చదివేటప్పుడు ఈ మాట మళ్లీ ఇంట్లోకి వచ్చింది. జావా ప్రోగ్రాముల్లో పేరెంట్ క్లాసు, చైల్డ్ క్లాసు ఉంటాయట. పేరెంట్‌లో రాసి పెట్టింది చైల్డ్ మళ్లీ రాయకుండానే వాడుకోవచ్చు, అదే ఇన్‌హెరిటెన్స్. "ఒక క్లాసుకు ఒక్క పేరెంట్ క్లాసే ఉంటది డాడీ, రెండు పెట్టనియ్యదు" అన్నాడు. పహాణీలో కూడా అంతేరా, తండ్రి పేరు లేదా భర్త పేరు, ఒక్కటే గడి అన్నాను. వాడికి పహాణీ తెలియదు కాబట్టి జోకు వృథా అయింది. వాడి పండ్లు మాత్రం తెల్లగా ఉంటాయి. నల్గొండలో పెరిగాడు, మా బాయి నీళ్లు తాగలేదు.

నా వాక్యం సంగతికి వస్తాను. ఉద్యోగంలో చేరిన చాలా ఏండ్లకు, ఒక పెద్ద ఇంగ్లీషు నిఘంటువు చేతికి దొరికితే ఊరికే ఇన్‌హెరిట్ తీసి చూశాను. సుమారు 1300 నాటికి ఆ మాట ఇంగ్లీషులోకి ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు దాని అర్థం 'ఒకరిని వారసుడిగా చెయ్యడం'! ఇచ్చేవాడి పనే. తండ్రి కొడుకును ఇన్‌హెరిట్ చేసేవాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు మాట అటు నుంచి ఇటు తిరిగి తీసుకునేవాడి చేతికి వచ్చింది. పాత అర్థం డిస్‌ఇన్‌హెరిట్‌లో మాత్రం మిగిలింది, ఆస్తి లేకుండా చెయ్యడం ఇప్పటికీ తండ్రి పనే. మూడెకరాలు తీసేసి 'మై ఫాదర్ ఇన్‌హెరిటెడ్ మీ' అని ఆపేసి ఉంటే నా వాక్యం ఏడువందల ఏండ్ల కింద ఒప్పేనన్నమాట. సారుకు చెప్దామనుకున్నాను. అప్పటికే వారు లేరు.

డిస్‌ఇన్‌హెరిట్ అన్న మాట దగ్గర మాత్రం నిఘంటువు మూయలేకపోయాను. అక్క గుర్తొచ్చింది.

అక్క పెండ్లి 1982లో అయింది, కల్వకుర్తి దిక్కు ఇచ్చారు. నాయన 1999లో పోయాడు. దినాలయ్యాక అన్నా నేనూ ఆఫీసుకు పోయి విరాసత్ చేయించుకున్నాం, మూడెకరాల చెలక, బాయి కింద ఇరవై గుంటల మడి, చెరి సగం. అక్కను అడిగాం. "నాకెందుకు తమ్మీ, మీరు సల్లగుంటే సాలు" అన్నది. రెండోసారి నేను అడగలేదు. ఎవరూ ఆమెను డిస్‌ఇన్‌హెరిట్ చెయ్యలేదు. నాయన ఒక్క మాట అనలేదు, కాగితం రాయలేదు. అయినా ఆమె చేతికి ఏమీ రాలేదు, పండ్ల మీది చారలు తప్ప. అవి కూడా వారసత్వం కాదని సైన్సు సారు ఎప్పుడో తేల్చేశారు.

చట్టం సంగతి మాకు తెలియదనడం అబద్ధం. సగం తెలుసు, మాకు పనికొచ్చే సగం. ఉమ్మడి రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టానికి 1986లో వచ్చిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా, ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. కానీ అప్పటికే పెండ్లయినవాళ్లకు లేదంది. అక్కది 82 గదా, లెక్క సరిపోయిందనుకున్నాం. తెలిసిన వకీలు ఒకాయన తర్వాత విప్పి చెప్పాడు. 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారమే, వీలునామా లేకుండా తండ్రి పోతే, ఆయన వాటాలో కూతురికి కొడుకులతో సమానంగా భాగం ఉంది. పెండ్లయిందా లేదా అన్న ప్రశ్నే లేదు. 2005లో కేంద్రం ఆ పెండ్లి తేడానూ తీసేసింది. తండ్రి 2005 నాటికి బతికి ఉండాలన్న షరతు కూడా లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. "మీ అక్క కేసు వేస్తే మీరు నిలబడరు" అన్నాడు. అక్క కేసు వేసే మనిషి కాదు. అది తెలిసే ఇన్నాళ్లు నిద్రపోయాను.

2021లో దసరాకు అక్క వచ్చినప్పుడు, అన్నం దగ్గర ధైర్యం చేసి అన్నాను, "అక్కా, భూమిల నీకూ వాటా ఉన్నదటనే" అని. వద్దంటుంది, కండ్లు తుడుచుకుంటుంది, ఇద్దరి మనసూ తేలికపడుతుంది, అంతటితో అయిపోతుందని నా లోపలి లెక్క. అక్క రొట్టె తుంచుతూ తలెత్తకుండానే, "ఇస్తవా? అయితే ఇయ్యి" అన్నది.

ఇంట్లో చప్పుడు లేదు.

"బాయికాడ నీ పాలుకు వచ్చిన పది గుంటలు ఇయ్యి. తుమ్మచెట్టు దిక్కువి గాదు, నీడకు పంట రాదాడ. ఇవతలి దిక్కువి."

ఇవతలి దిక్కు అనుమానం లేకుండా మంచిది. ముప్పైతొమ్మిదేండ్ల కింద ఆ ఊరు వదిలిపోయిన మనిషి, ఏ గట్టు పక్కన ఎంత నీడ పడుతుందో ఇంకా లెక్క పెట్టుకొనే ఉంది.

స్లాట్ బుక్ చేసి తహసీల్దారు ఆఫీసుకు పోయాం. భూమి నా పేరు మీద ఉంది కాబట్టి, తేలిగ్గా అయ్యే దారి దానపత్రమే అన్నారు, గిఫ్టు డీడు. మనిషి బతికుండగా ఇస్తే గిఫ్టని మా సారు చెప్పిందే. నేను బతికే ఉన్నాను, మాట సరిపోయింది. రాసిన కాగితం చదివి వినిపిస్తుంటే, 'ప్రేమాభిమానములతో దానముగా ఇచ్చుచున్నాను' అన్న దగ్గర అక్క చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"దానమేంది తమ్మీ? నాది నాకిస్తే దానమా?"

చదివే పిలగాడు నా దిక్కు చూశాడు. "రాతలో అట్లనే ఉంటదమ్మా, మార్చరాదు" అన్నాడు.

అక్క ఇంకేం అనలేదు. మెషీను మీద బొటనవేలు పెట్టింది, పట్టుకోలేదు. కొంగుకు వేలు తుడుచుకొని మళ్లీ గట్టిగా ఒత్తింది.